వీణా శబ్దార్థం: ఒకే నామం, భిన్న రూపాలు

'వీణ' అనే మాట వినగానే నేటి తెలుగువాని మనస్సులో ఒక నిశ్చితమైన ఆకృతి నిలుస్తుంది. పనస దారువుతో తొలిచిన కుండ, దీర్ఘమైన దండి, దానిపై మైనంలో కుదిర్చిన 24 మెట్లు, అగ్రభాగాన యాళి ముఖం, నాలుగు వాదన తంత్రులు, పార్శ్వంలో మూడు తాళ తంత్రులు. శారదాంబ అంకంపై చిత్రకారులు నిలిపేది ఈ వీణనే. బొబ్బిలి శిల్పులు ఏకఖండ దారువునుండి మలిచేదీ ఈ వీణనే. ఉపనిషత్తులో వీణా దృష్టాంతం చదివినప్పుడు యాజ్ఞవల్క్యుని ఎదుట సైతం ఇదే వాద్యాన్ని పాఠకుడు అప్రయత్నంగా ఊహించుకుంటాడు. కానీ శబ్దం ప్రాచీనం, ఈ ఆకృతి అర్వాచీనం. ఆ రెంటి నడుమ గల కాలవ్యవధిని గుర్తించకపోతే కొన్ని శ్రుతి వాక్యాల స్వారస్యం చేజారిపోతుంది.

మొదట శబ్దాన్ని పరిశీలించాలి. ఋగ్వేద సంహితలో వాణం, కర్కరి, గర్గరం వంటి వాద్యనామాలు ఉన్నాయి గాని 'వీణా' శబ్దం లేదు. అది యజుస్సంహితలలో ప్రత్యక్షమవుతుంది. వాగ్దేవత దేవతలను వీడి వనస్పతులలో ప్రవేశించిందని, దుందుభిలోను, తూణవంలోను, వీణలోను పలికేది ఆ వాక్కేనని తైత్తిరీయ సంహిత ఒక ఆఖ్యానం చెబుతుంది. అశ్వమేధ ప్రకరణంలో శతపథ బ్రాహ్మణం ఇద్దరు వీణాగాథులను పేర్కొంటుంది. పగటివేళ బ్రాహ్మణుడు, రాత్రివేళ రాజన్యుడు వీణపై యజమానుని కీర్తిని గానం చేస్తారు. అనగా వైదిక యుగంలోనే వీణ కేవల వినోద సాధనం కాదు, క్రతువులో స్థానం గల వస్తువు.

వ్యుత్పత్తి మాటేమిటి? ఉణాది సూత్రాలు ఈ శబ్దాన్ని రాస్నా, సాస్నా, స్థూణా శబ్దాలతో కలిపి నిపాతనంగా పఠించాయి. వైయాకరణులు దీనిని 'వీ' ధాతువుతో అనుసంధించారు. ఆ ధాతువుకు గతి, వ్యాప్తి, ప్రజననం, కాంతి మొదలైన అర్థాలను ధాతుపాఠం చెబుతుంది. నాదం చలించేది, వ్యాపించేది, జనించేది ఎక్కడనో అది వీణ అని సంప్రదాయజ్ఞులు సమన్వయించారు. ఈ నిర్వచనంలో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఇందులో తంత్రుల సంఖ్య లేదు, దండి లేదు, మెట్లు లేవు. నామం వాద్యం యొక్క రూపాన్ని చెప్పదు, దాని క్రియను మాత్రమే సూచిస్తుంది. అందుచేతనే ఆకృతులు మారినా నామం నిలిచింది.

అమరసింహుడు నాట్యవర్గంలో వీణకు వల్లకి, విపంచి అనే పర్యాయాలను చెప్పి, ఏడు తంత్రులు గలదానిని పరివాదిని అన్నాడు. భరతుని నాట్యశాస్త్రం మరింత సూక్ష్మంగా విభజించింది. అక్కడ చిత్రా వీణకు ఏడు తంత్రులు, అది అంగుళులతో వాయించదగినది. విపంచికి తొమ్మిది తంత్రులు, అది కోణమనే సాధనంతో మీటదగినది. శ్రుతి నిరూపణకై భరతుడు సమాన ప్రమాణం గల రెండు వీణలను గ్రహించి, ఒకదాని శ్రుతిని కదల్చక, రెండవదాని తంత్రులను క్రమంగా తగ్గించి చూపుతాడు. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క తంత్రి ఉన్నప్పుడే ఈ ప్రక్రియ సహజంగా పొసగుతుంది. మెట్లపై వేలు నొక్కి స్వరాలను పుట్టించే వాద్యానికి ఇది స్వభావసిద్ధమైన పద్ధతి కాదు.

శిల్పసాక్ష్యం కూడా ఈ దిశనే చూపుతుంది. భార్హుత్, సాంచి శిల్పాలలోను, కృష్ణాతీరాన అమరావతి, నాగార్జునకొండ ఫలకాలలోను కనబడే వీణ ధనురాకారం గలది. నావను పోలిన తొట్టి, దానినుండి వంగి పైకి లేచే కొమ్ము, ఆ రెంటి నడుమ సమాంతరంగా బిగించిన తంత్రులు. 1930లో ఆనంద కుమారస్వామి వీణాంగాలపై వ్రాసిన వ్యాసంలో గ్రంథస్థ పదాలను ఈ శిల్పాలతో సరిపోల్చి, ప్రాచీన సాహిత్యంలోని వీణ ఈ ధనుర్వీణయేనని ప్రతిపాదించాడు. పాలీ వాఙ్మయంలోని సంయుత్తనికాయం ఇందుకు బలం చేకూరుస్తుంది. వీణానాదానికి ముగ్ధుడైన ఒక రాజు ఆ నాదం ఎక్కడున్నదో చూడగోరి వీణను ముక్కలు చేయిస్తాడు. ఆ కథలో ద్రోణి, చర్మం, దండం, తంత్రులు, కోణం అంటూ వీణాంగాల పట్టిక వస్తుంది. అందులో మెట్ల ప్రసక్తి లేదు, చర్మం మాత్రం ఉంది.

ఇక్కడ అనువాద సమస్య ఆరంభమవుతుంది. పందొమ్మిదవ శతాబ్దిలో ఉపనిషత్తులను ఆంగ్లీకరించిన మాక్స్ ముల్లర్ వీణను 'ల్యూట్' అన్నాడు. కుండకు మెడ తగిలించి, తంత్రులను ఆ మెడ పొడవునా సాగదీసిన వాద్యమది. నేటి సరస్వతీ వీణకు అది దగ్గరి మాట, కాని అమరావతి శిల్పంలోని వీణకు కాదు. ధనుర్వీణకు సరిపడే ఆంగ్లపదం 'హార్ప్'. ఇక నాణేల శాస్త్రజ్ఞులు మూడవ పదాన్ని ప్రవేశపెట్టారు. నాలుగవ శతాబ్దినాటి సముద్రగుప్తుని సువర్ణ నాణేలలో రాజు ఆసనంపై కూర్చుండి ఒడిలో ధనుర్వీణను ధరించి కనబడతాడు. ఆ నాణెపు రకానికి 'లైరిస్ట్' అనే పేరు స్థిరపడింది. లైర్ అనేది రెండు కొమ్ముల నడుమ అడ్డుపట్టె గల గ్రీకు వాద్యం. నాణెంపై ఉన్నది అది కాదు. ఒకే భారతీయ వాద్యం ఈ విధంగా మూడు పరదేశీయ నామాలను మోసింది.

ఈ చర్చ వలన తత్త్వజిజ్ఞాసువుకు ప్రయోజనమేమి? రెండు శ్రుతి సందర్భాలను పక్కపక్కన పెడితే సమాధానం లభిస్తుంది.

మొదటిది బృహదారణ్యకంలోని మైత్రేయీ బ్రాహ్మణం. దుందుభి, శంఖం, వీణ అనే మూడు దృష్టాంతాలతో యాజ్ఞవల్క్యుడు ఉపదేశిస్తాడు. వాద్యం మ్రోగుతుండగా వెలువడే ధ్వని విశేషాలను వేరుగా పట్టలేము. వాద్యాన్ని గాని, వాదకుని గాని గ్రహిస్తే ధ్వని గ్రహింపబడుతుంది. విశేషాలు సామాన్యంలో అంతర్భవిస్తాయని, పెక్కు దృష్టాంతాలు పెక్కు సామాన్యాలను తెలుపుతాయని, ఆ సామాన్యాలన్నీ మహాసామాన్యమైన ప్రజ్ఞానఘనంలో ఏకమవుతాయని శంకర భగవత్పాదులు వివరించారు. ఈ యుక్తికి వీణ ధనురాకారమైనా, దండాకారమైనా భేదం లేదు. ల్యూట్ అన్నా, హార్ప్ అన్నా సిద్ధాంతానికి హాని లేదు.

రెండవది ఐతరేయారణ్యకంలోని తృతీయారణ్యకం. అక్కడ మానవ శరీరం దైవీ వీణ, మనుష్యుడు నిర్మించినది దానికి అనుకృతి. శిరస్సుకు శిరస్సు, ఉదరానికి అంభణమనే గర్భభాగం, జిహ్వకు వాదనం, అంగుళులకు తంత్రులు అంటూ ఒక్కొక్క అవయవానికి పోలిక చెప్పబడింది. శరీరం రోమశమైన చర్మంతో కప్పబడినట్లే వీణ కూడా కప్పబడుతుందని, పూర్వకాలంలో రోమసహితమైన చర్మంతోనే వీణలను కప్పేవారని ఆ గ్రంథమే చెబుతుంది. ఇక్కడ ఆకృతియే ప్రమాణం. నేటి వీణకు పైభాగాన చెక్క పలక ఉంటుంది, చర్మం ఉండదు. విడివిడిగా చాచిన వేళ్ల వలె ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరాన్ని పలికే తంత్రులు ధనుర్వీణలోనే ఉంటాయి. బొబ్బిలి వీణను మనస్సులో ఉంచుకొని ఈ ఖండాన్ని చదివితే ఉపమానం అసంగతంగా తోస్తుంది. అమరావతి ఫలకంలోని వీణను ఉంచుకొని చదివితే ప్రతి పోలికా దాని స్థానంలో కుదురుతుంది.

కనుక సంకటం ఆంగ్లానువాదకునికి మాత్రమే పరిమితం కాదు. అతడు పదాన్ని మార్చి పొరబడ్డాడు. తెలుగు పాఠకుడు పదాన్ని మార్చకుండానే పొరబడతాడు. 'వీణ' తత్సమంగా మనకు దక్కినందున అది అనువాదం లేకుండానే అర్థమైనదని భావిస్తాము. కానీ మనకు తెలియకుండా మనస్సు దానిని నేటి వీణగా అనువదిస్తూనే ఉంటుంది. తమిళంలో ఈ చిక్కు కొంత తక్కువ. అక్కడ ధనుర్వాద్యానికి 'యాళ్' అనే దేశీయ నామం ఉంది. మాణిక్యవాచకుని వాక్కులో వీణ వాయించేవారు, యాళ్ వాయించేవారు వేరువేరుగా పేర్కొనబడ్డారు. 1947లో విపులానంద స్వామి యాళ్ గూర్చి ఒక బృహద్గ్రంథమే వెలువరించాడు. సంస్కృతంలో, తెలుగులో ఒకే పదం అన్ని రూపాలనూ మోయవలసి వచ్చింది.

ఆ రూపపరిణామం కూడా క్రమంగా జరిగింది. ధనుర్వీణ భారతభూమిపై మరుగుపడగా దండవీణలు ప్రాబల్యం పొందాయి. పదమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరం ఏకతంత్రిని, ఆలాపినిని, మెట్లు గల కిన్నరిని వర్ణిస్తుంది. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో వీణా మేళాలను, మెట్ల స్థాపనను శాస్త్రీకరించాడు. పదిహేడవ శతాబ్దిలో తంజావూరు నేలిన రఘునాథ నాయకుని కాలంలో 24 స్థిరమైన మెట్ల వీణ రూపుదిద్దుకొన్నదని సంప్రదాయం చెబుతుంది. ప్రాచీన ధనుర్వీణకు సజాతీయమైన వాద్యం నేటికీ బర్మా దేశంలో 'సౌంగ్' అనే పేరుతో జీవిస్తున్నది.

ఇక అనువాదకుడు చేయవలసినదేమి? 'వీణ' అనే పదాన్ని యథాతథంగా ఉంచడం ఉత్తమం, కాని అది చాలదు. ఏ కాలపు వీణయో ఒక వాక్యంలో సూచించాలి. దృష్టాంతం నాదాన్ని ఆశ్రయించినప్పుడు రూపవిచారం అనావశ్యకం. అవయవాన్ని ఆశ్రయించినప్పుడు అది అనివార్యం. ఈ వివేకం లేని అనువాదం, అది పరభాషలోనిదైనా, మనస్సులోనిదైనా, శ్రుతి వాక్యాన్ని చిన్నబుచ్చుతుంది.

యాజ్ఞవల్క్యుని దృష్టాంతమే ఈ శబ్దచరిత్రకూ వర్తిస్తుంది. చిత్ర, విపంచి, కిన్నరి, సరస్వతీ వీణ అన్నీ విశేషాలు. 'వీణ' వాటి సామాన్యం. సామాన్యాన్ని గ్రహించినవానికి విశేషాలు అడ్డురావు. ఒక్క విశేషాన్నే సామాన్యమని భ్రమించినవానికి మాత్రం ఐతరేయ ఋషి వినిపించిన దైవీ వీణ మూగబోతుంది.