మూరెడు గొట్టం

క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ ఏనుగు తొండం గురించి రాస్తూ, నీళ్లలోకి దిగే ఈతగాళ్లు పైగాలి పీల్చుకోడానికి వాడే పరికరాలతో దాన్ని పోల్చాడు. అంటే స్నార్కెల్ అనే ఈ ఊపిరి గొట్టం ఆనాటికే ఉందన్నమాట. (మన దుర్యోధనుడికి జలస్తంభన విద్య వచ్చు గనక మడుగులో దీని అవసరం పడలేదు.) లియొనార్డో డావిన్సీ కూడా ఇలాంటివాటి బొమ్మలు గీశాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి జలాంతర్గాములకూ ఇది మొలిచింది. అది డచ్ నౌకాదళం సొత్తు. 1940లో నెదర్లాండ్స్‌ను ఆక్రమించిన జర్మన్ల చేతికి చిక్కింది. 1944 నాటికి వాళ్ల యూ-బోట్లు పైకి తేలకుండానే డీజిల్ ఇంజన్లు నడుపుకోగలిగాయి.

జలాంతర్గామికి ఉక్కు గోడలున్నాయి. మనిషి ఛాతీకి అవి లేవు. మీటరు లోతున నీళ్లు ప్రతి చదరపు సెంటీమీటరు మీదా అదనంగా 100 గ్రాముల బరువు మోపుతాయి. గొట్టంలో వచ్చేదేమో ఒడ్డున ఉండే మామూలు గాలి. ఆ బరువును తోసుకుని ఊపిరితిత్తులు విచ్చుకోవడం గగనమే. ఏనుగు మాత్రం నెగ్గుకొస్తుంది. దాని ఊపిరితిత్తులు ఛాతీ గోడకు కణజాలంతో అతుక్కుపోయి ఉండటమే కారణమని 2002లో జాన్ వెస్ట్ అనే శాస్త్రవేత్త వివరించాడు.

ఇంకో చిక్కు, వదిలిన గాలి. రెండు సెంటీమీటర్ల వ్యాసంతో 45 సెంటీమీటర్లున్న గొట్టంలో సుమారు 140 మిల్లీలీటర్ల పాత గాలి మిగిలి, మళ్లీ లోపలికే వస్తుంది. తీరిగ్గా ఉన్నప్పుడు మనం ఒక్కసారికి పీల్చేదే 500. రెక్కలు తొడుక్కుని ఈదే ఫిన్ స్విమ్మింగ్ పోటీల్లో స్నార్కెల్ 43 నుంచి 48 సెంటీమీటర్ల మధ్యే ఉండాలన్నారు. అచ్చంగా మూర!

చెంప పక్కన ఉండే ఆ గొట్టం లాప్స్ కొట్టేవాళ్ల కోసం నుదుటి మధ్యకు జరిగింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై స్వర్ణం గెలిచిన పాబ్లో మొరాలెస్, జాన్ మిక్స్‌తో కలిసి మరుసటేడు పెట్టిన ఫినిస్ కంపెనీ దీన్ని పూల్స్‌లో బాగా అలవాటు చేసింది. ఫ్రీస్టైల్‌లో ఊపిరి కోసం తల తిప్పినప్పుడల్లా ముందుకు చాచిన చెయ్యి కుంగుతుంది, నడుం వంకర పోతుంది. గొట్టం ఉంటే తల కదలక్కర్లేదు. అడుగున నల్లగీత మీద చూపు నిలిపి, తన చేతులు నీళ్లలోకి ఎలా దిగుతున్నాయో ఈతగాడు చూసుకోవచ్చు.

అయితే మొదట్లో ముక్కులోకి నీళ్లు ఎక్కొచ్చు, అవసరమైతే ముక్కుకు క్లిప్ పెట్టుకోవాలి. అసలు పరీక్ష గోడ దగ్గర. పల్టీ కొట్టగానే గొట్టం నిండుతుంది. కాస్త ఊపిరి దాచుకుని, గోడను తన్ని పైకి తేలాక ఒక్క ఊదుతో నీళ్లు వెళ్లగొట్టాలి. ఊదడానికి గాలి మిగల్చకపోతే మింగేది క్లోరిన్ నీళ్లే.

ఫిన్ స్విమ్మింగ్ మాట అటుంచితే, మామూలు పోటీ ఈతలో దీనికి చోటు లేదు. వేగానికో ఓర్పుకో సాయపడే పరికరాలు వరల్డ్ అక్వాటిక్స్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. నన్నడిగితే సాధనలోనూ సగం లాప్స్‌కే ఇది చాలు. పక్కకు తిరిగి ఊపిరి తీయడం కూడా ఈతలో భాగమే, దానికీ సాధన కావాలి.