రుజువు, గడువు: భారతదేశంలో నేరచరిత్ర తొలగింపు - ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఉద్యోగానికి ఎంపికైన అభ్యర్థి పూర్వచరిత్రను పోలీసుల ద్వారా విచారించడం నేడు సాధారణ విషయం. శిక్ష ముగిసి, నిర్ణీత కాలం మరో నేరం లేకుండా జీవించినవారి పాత శిక్షను, కొన్ని పరిమితులకు లోబడి, లెక్కలోకి తీసుకోరాదని బ్రిటన్ 1974లో చట్టం చేసింది. భారతదేశంలో వయోజనులందరికీ వర్తించే అటువంటి చట్టం లేదు. ఒకరి పేరు నేరచరిత్రలో చేరడానికి రుజువు ఏమిటి, చేరిన పేరు తొలగడానికి గడువు ఎంత అనే రెండు ప్రశ్నలను నేరస్థ తెగల చట్టం నుండి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నమోదు

1871లో ఉత్తర భారతంలో మొదలైన ఈ చట్టం, 1911 నాటి కొత్త చట్టం ద్వారా మద్రాసు రాజధానిలోనూ అమలుకు వచ్చింది. నేరస్థ తెగగా ప్రకటించిన సమూహంలోని వారి పేర్లను రిజిస్టరులో చేర్చి, వేలిముద్రలు తీసుకొని, హాజరు చెప్పించే అధికారం ప్రభుత్వానికి లభించింది. ఆ నమోదుకు వ్యక్తిపై నేరం రుజువు కానక్కరలేదు. ప్రకటనను న్యాయస్థానంలో ప్రశ్నించే అవకాశాన్ని చట్టమే మూసివేసింది.

ఆంధ్ర ప్రాంతంలో ఈ ముద్రకు గురైనవారిలో ఎరుకలవారు ముఖ్యులు. పశువులపై ఉప్పు, ధాన్యం మోసుకుపోయి అమ్మే సంచార వ్యాపారం రైలుమార్గాల వల్ల, ఉప్పుపై ప్రభుత్వ విధానాల వల్ల దెబ్బతిన్న తీరును మీనా రాధాకృష్ణ ‘డిసానర్డ్ బై హిస్టరీ’ (2001) గ్రంథంలో వివరించారు. బాపట్ల సమీపాన సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన సెటిల్మెంటుకు మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీదుగా స్టువర్టుపురం అన్న పేరు వచ్చింది. 1991లో ఆ పేరుతో పోలీసు కథాచిత్రం రావడాన్ని బట్టి, చట్టం పోయిన నాలుగు దశాబ్దాలకు కూడా ఊరి పేరుకు నేరంతో ముడి వీడలేదని గ్రహించవచ్చు.

రద్దు

మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో ఏర్పడిన కమిటీ సిఫారసుల తరువాత, 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అయితే మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో అటువంటి చట్టాన్నే చేసింది. వీటికి ప్రాతిపదిక తెగ కాదు, వ్యక్తికి పడిన శిక్షలు. ఆ మేరకు రుజువు అవసరమైంది. నమోదు, నిఘా పద్ధతులు మాత్రం కొనసాగాయి.

పాక్షిక ఉపశమనాలు

1958 నాటి ప్రొబేషన్ చట్టంలోని 12వ సెక్షన్, ఆ చట్టం కింద విడుదలైనవారికి నేరనిర్ధారణ వల్ల కలిగే అనర్హతను తొలగించింది. కానీ నేరనిర్ధారణ దీనితో తుడిచిపెట్టుకుపోదని సుప్రీంకోర్టు 1990లో బక్షీరామ్ కేసులో స్పష్టం చేసింది. నిజమైన తొలగింపు బాలల విషయంలోనే కనిపిస్తుంది. 2015 నాటి బాలల న్యాయచట్టం 24వ సెక్షన్, కొన్ని మినహాయింపులతో, అప్పీలు గడువు తీరాక వారి రికార్డులను ధ్వంసం చేయాలని నిర్దేశిస్తుంది. వయోజనుల విషయంలో 2016 నాటి అవతార్ సింగ్ తీర్పు స్వల్ప నేరాలను ఉపేక్షించే విచక్షణను యజమానికి ఇచ్చింది. అభ్యర్థి నిజం చెప్పినా పూర్వచరిత్రను పరిగణించే అధికారాన్నీ ఉంచింది. అంటే ఉపశమనం హక్కుగా కాక, అనుగ్రహంగానే మిగిలింది.

పాత ముద్ర ఇంకా చెరగలేదనడానికి 2024 నాటి రెండు సుప్రీంకోర్టు తీర్పులు సాక్ష్యం. వెనుకబడిన సమూహాలవారి పేర్లు హిస్టరీ షీట్లలో యాంత్రికంగా చేరకుండా చూడాలని మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసు సూచించింది. జైలు రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలని అక్టోబరులో సుకన్య శాంత కేసు ఆదేశించింది.

ముగింపు

నేరస్థ తెగల నమోదుకు రుజువూ లేదు, గడువూ లేదు. 1952 నాటి రద్దుతో మొదటి లోపాన్ని చట్టం అంగీకరించింది. రెండవది మిగిలే ఉంది. శిక్షాకాలాన్ని న్యాయస్థానం లెక్కగట్టి విధిస్తుంది. శిక్ష తరువాత ఆ నేరం ఎన్నేళ్లు వెంటాడాలో నిర్ణయించే సాధారణ చట్టం మాత్రం నేటికీ లేదు. విముక్తి అన్న పదానికి పూర్తి అర్థం రావాలంటే, రుజువుతో పాటు గడువునూ చట్టం నిర్ణయించాలి.