నౌగావ్ గంజాయి వైద్యులు

పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్‌లో ప్రభుత్వ అనుమతితో గంజాయి పండించిన రైతు, చీడపీడల కన్నా, నీటి ముంపు కన్నా, తన పొలంలో గింజ కట్టడాన్నే పెద్ద తెగులుగా లెక్కించేవాడు. తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు వేర్వేరుగా ఉన్నట్టే గంజాయిలోనూ మగ పూలు ఒక మొక్కకు, ఆడ పూలు మరొక మొక్కకు పూస్తాయి గనుక, మగ మొక్క పుప్పొడి గాలిలో వచ్చి తాకగానే ఆడ మొక్క గింజ కట్టడం మొదలుపెట్టి, మత్తుకూ మందుకూ మూలమైన జిగురును తక్కువగా ఊరుస్తుంది. ఆ జిగురు దట్టంగా పట్టిన, గింజ లేని పూకంకులనే వ్యాపార భాషలో గంజాయి అనేవారు. ఆకులతో చేసేది భంగు, విడిగా తీసిన జిగురు చరస్సు.

రాజ్‌షాహీ, దినాజ్‌పూర్, బోగ్రా జిల్లాలు కలిసేచోట నౌగావ్ చుట్టూ ఉన్న కొన్ని గ్రామాలకే బెంగాల్ ప్రభుత్వం ఈ సాగును పరిమితం చేసింది. ఆ ప్రాంతానికి గాంజా మహల్ అని పేరు. నీరు నిలవని మెరక నేలను పలుమార్లు దున్ని, ఆగస్టులో నారు పోసి, సెప్టెంబరులో బోదెల మీద నాటి, పశువుల ఎరువూ తెలకపిండీ వేసి, నవంబరు నాటికి కింది కొమ్మలు తీసేసిన తరువాత పైరు పూతకు వచ్చేది. సరిగ్గా ఆ సమయంలో పొలంలోకి అడుగుపెట్టే నిపుణుణ్ణి స్థానికులు పోద్దార్ అన్నారు. ఇంగ్లిషు అధికారులు తమ నివేదికలలో అతన్ని గంజాయి వైద్యుడని పేర్కొన్నారు.

ఈ వైద్యుడు మందు వేయడు, కషాయం చల్లడు. అతని పని అంతా రోగనిర్ణయమే. బోదెల మధ్య నడుస్తూ, ఆకుకాడ కాండాన్ని కలిసే కణుపు దగ్గర అప్పుడే తలెత్తుతున్న మొగ్గను చూసి, అది చిన్న కాడ మీద నిలిచిన గుండ్రని గుళికలా ఉంటే మగదనీ, సన్నని పచ్చని తొడుగులోంచి వెంట్రుకల వంటి రెండు తెల్లని కీలాగ్రాలు బయటికి వస్తుంటే ఆడదనీ తేల్చాలి. మగ పూవు విచ్చుకున్న తరువాత ఆ తేడాను ఎవరైనా చెప్పగలరు గాని, అప్పటికే పుప్పొడి రాలి ఉంటుంది కాబట్టి ఆ జ్ఞానం వల్ల రైతుకు దక్కేది ఏమీ ఉండదు. పైగా ఒకసారి ఏరితే సరిపోయేది కాదు. ఆలస్యంగా పూసే మగ మొక్కలే గాక, ఆడ మొక్కల మీదే అక్కడక్కడ మగ పూలు పుట్టే వికృతి కూడా ఈ జాతికి సహజం కావడంతో పొలాన్ని మళ్లీ మళ్లీ గాలించవలసి వచ్చేది. పొరుగు రైతు అశ్రద్ధ చేస్తే ఈ రైతు పంట గింజపాలయ్యేది. అందువల్ల ఒక పొలంలో జరిగే పరీక్షకు పక్క పొలాల వారూ కాచుకుని ఉండవలసి వచ్చేది.

ఈ విద్య కాగితం మీదికి ఎక్కింది అధికారుల వల్ల. 1877లో హేమచంద్ర కర్ బెంగాల్ గంజాయి సాగు, వ్యాపారాల మీద నివేదిక సమర్పించాడు. 1893లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌లోని హెర్బేరియం, అంటే ఎండు మొక్కల నమూనాల భాండాగారం, బాధ్యుడు డేవిడ్ ప్రెయిన్ మరొక నివేదిక రాశాడు. 1893-94లో మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన పనిచేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి ఏడు సంపుటాలు వెలువరించింది. మద్రాసు రాజధానిలో నాటి కృష్ణా జిల్లాకు చెందిన బాపట్ల ప్రాంతంలోనూ గంజాయి సాగు ఉండేదన్న సంగతి తెలుగువారికి ఆ కాలపు ప్రభుత్వ పత్రాల వల్లే తెలుస్తుంది. ప్రెయిన్ తరువాతి కాలంలో లండన్ క్యూ ఉద్యానానికి డైరెక్టర్ అయ్యాడు. ఆయన వర్ణించిన పుష్ప లక్షణాలను ఏటా పొలంలో చదివి చెప్పిన పోద్దార్ల వృత్తి పేరు మాత్రం నిలిచింది. మనుషుల పేర్లు ఆ వర్ణనలలోకి ఎక్కలేదు.

పోద్దార్ల పని విలువను ఔషధ చరిత్ర మరింత స్పష్టంగా చూపుతుంది. కలకత్తా మెడికల్ కాలేజీ ఆచార్యుడు విలియం బ్రూక్ ఓషానెసీ 1839లో గంజాయితో చేసిన ప్రయోగాలను ప్రకటించి, ధనుర్వాతంలో, శిశువుల మూర్ఛలలో అది ఉపశమనం ఇస్తుందని చెప్పిన తరువాత, ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన దాని టింక్చరు ఐరోపా, అమెరికా మందుల దుకాణాలకు చేరింది. అమెరికా ఫార్మకోపియా, అంటే ప్రామాణిక ఔషధాల అధికారిక గ్రంథం, 1850 నుంచి 1942 దాకా గంజాయికి చోటిచ్చింది. ఆ గ్రంథం కోరింది ఆడ మొక్కల పూకొనలనే. ఒకే మోతాదు ఒక రోగికి పనిచేయక, మరొకరికి విపరీతంగా ఎక్కడం వల్ల వైద్యులు విసిగిపోయారు. రసాయనికంగా బలాన్ని కొలిచే మార్గం లేక అమెరికా కంపెనీలు కుక్కలకు మందు పట్టించి అవి తూలే తీరును చూసి అంచనా వేశాయి. దూరప్రయాణంలో సరుకు పాతబడటం ఈ హెచ్చుతగ్గులకు ఒక కారణం కాగా, పొలంలో ఎంత శ్రద్ధగా మగ మొక్కలు ఏరారన్నది మరొకటి. సీసా దగ్గర నిలబడి పొలంలోని లోపాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ప్రధాన క్రియాశీల పదార్థమైన టీహెచ్‌సీని శాస్త్రవేత్తలు గావోనీ, మెషూలం శుద్ధరూపంలో వేరుచేసింది 1964లో.

రోగులు వైద్యావసరానికి ఇంట్లోనే మొక్కలు పెంచుకోవడాన్ని కెనడా 2001 నాటి నిబంధనలతో అనుమతించాక, రోగనిర్ణయం ఈసారి పెంపకందారు చేతికే వచ్చింది, అయితే చూడవలసిన లక్షణాల జాబితా పెరిగింది. నత్రజని మొక్కలో పాత ఆకుల నుంచి లేత ఆకులకు కదలగలదు కాబట్టి దాని లోపం కింది ఆకుల పసుపుతో మొదలవుతుంది. ఇనుము అలా కదలలేదు కాబట్టి దాని లోపం చిగురాకుల ఈనెల మధ్య కనిపిస్తుంది. తొట్టిలోని మట్టి ఆమ్ల, క్షార స్థితి చెడితే ఎరువు ఉన్నా వేరు తీసుకోలేదు గనుక, పసుపు చూసి ఎరువు గుమ్మరించేవారు రోగాన్ని పెంచుతారు. 2019లో కాలిఫోర్నియా మొక్కలలో బయటపడిన హాప్ లేటెంట్ వైరాయిడ్ అనే అతిసూక్ష్మ వ్యాధికారకం పైకి ఏ గుర్తూ లేకుండానే ఉండి జిగురును తగ్గించగలదు. దాన్ని నిర్ధారించడానికి ప్రయోగశాల కావాలి, పోద్దార్ కన్ను చాలదు.

నౌగావ్ రైతులు 1917లో సహకార సంఘం పెట్టుకుని, దళారుల పట్టు నుంచి బయటపడ్డారు. దేశ విభజనతో ఆ ప్రాంతం తూర్పు పాకిస్తాన్‌కు, తరువాత బంగ్లాదేశ్‌కు చెందింది. 1987లో బంగ్లాదేశ్ ప్రభుత్వం గంజాయి సాగును నిషేధించడంతో పోద్దార్ల వృత్తి ముగిసింది. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.