రస్టికేట్ అంటే ఊరికి పంపడం

ఆ తండ్రి శ్రీకాకుళం అవతల పల్లె నుంచి తెల్లవారుజామునే బయల్దేరి వచ్చాడు. విశాఖపట్నంలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో, ర్యాగింగ్ కేసు విచారణ అది. నేనూ కమిటీలో ఉన్నాను. సెకండియర్ కుర్రాళ్ళు నలుగురు, ఫస్టియర్ పిల్లాణ్ణి హాస్టల్ గదిలో రాత్రంతా నిలబెట్టారు. తెల్లారేసరికి వాడికి జ్వరం. నలుగురూ ఒప్పుకున్నారు. రెండు సెమిస్టర్లు రస్టికేషన్ అన్నాం.

ఆయన వాదించలేదు. "మావోడు తప్పు సేసినాడు బాబూ. సిచ్చ ఎయ్యండి. కానీ ఆ కాయితం మీద మాత్రం రాయకండి" అన్నాడు. కాయితం అంటే కాండక్ట్ సర్టిఫికెట్.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. శిక్షకి ఒప్పుకున్న మనిషి కాగితానికి ఎందుకు అంత భయపడ్డాడు? మన కాలేజీల్లో శిక్ష అనేదాని చరిత్ర తవ్వుకుంటూ పోతే, ఆయన భయానికి వందేళ్ళు పైబడిన కారణం ఉందని తెలిసింది.

ముందు మాట సంగతి. లాటిన్‌లో 'రుస్' అంటే పల్లె. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో తప్పు చేసిన విద్యార్థిని కొంతకాలం పట్నం వదిలి పల్లెకి పొమ్మనేవాళ్ళు. అదే రస్టికేషన్. అక్కడి దొరబిడ్డకి పల్లె అంటే ఎస్టేటు, వేట, విశ్రాంతి. మన దగ్గర అప్పుచేసి హాస్టల్లో దిగిన పిల్లాడికి ఊరికి పోవడమంటే రచ్చబండ దగ్గర అందరికీ సమాధానం చెప్పుకోవడం. మాట అదే, బరువు వేరు.

మన దగ్గర ఈ శిక్ష పెద్ద ఎత్తున, అందరూ చూస్తుండగా పడింది 1907లో, రాజమండ్రిలో. వంగ విభజన తర్వాత బిపిన్ చంద్రపాల్ ఆ ఏడాది ఏప్రిల్‌లో మన తీరమంతా తిరిగాడు. విజయనగరం, విశాఖపట్నం, కాకినాడ మీదుగా రాజమండ్రి చేరాడు. అప్పటికి విశాఖలో హార్బరు లేదు, ఉక్కు ఊసే లేదు. రాజమండ్రిలో ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలని చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేసి వినిపించాడు. కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు గుండెలకి పెట్టుకుని క్లాసులకి వెళ్ళారు.

ప్రిన్సిపల్ మార్క్ హంటర్‌కి అది సహించలేదు. వరసగా సస్పెన్షన్లు. అందరికంటే గట్టిగా దెబ్బ తగిలింది గాడిచర్ల హరిసర్వోత్తమరావుకి. కర్నూలు మనిషి. వయసు 23. అప్పటికే మద్రాసులో ఎం.ఏ. అయిపోయి, టీచర్ కావడానికి రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చేరాడు. ఆయన్ని కాలేజీ నుంచి బహిష్కరించారు. అక్కడితో ఆగలేదు, సర్కారు కొలువుకి పనికిరాడన్నారు. టీచరు కావడానికి వచ్చినవాడికి టీచరు పని లేకుండా చేయడం! ఆ తండ్రి అన్న 'కాయితం' ఇదే.

హంటర్ ఒక్కడికి కోపమొచ్చి చేసిన పని కాదిది. బెంగాల్లో 1905 అక్టోబరులోనే కార్లైల్ సర్క్యులర్ వచ్చింది. కుర్రాళ్ళు స్వదేశీ గొడవల్లో దిగితే ఆ కాలేజీల గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులు పోతాయని బెదిరింపు. 1907 మేలో రిస్లీ సర్క్యులర్ అదే బెదిరింపుని మరింత విస్తరించింది. పోలీసు చేయాల్సిన పని ప్రిన్సిపల్ చేతిలో పెట్టారన్నమాట. పోలీసుకి కోర్టు కావాలి, సాక్ష్యం కావాలి. ప్రిన్సిపల్‌కి 'దుష్ప్రవర్తన' అన్న ఒక్క మాట చాలు.

అదే మే నెలాఖరున కాకినాడలో వందేమాతరం అన్న ఒక కుర్రాణ్ణి జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ చావబాదాడు. రాత్రికి ఊరు ఊరంతా కదిలి దొరల క్లబ్బు మీద పడింది. కెంప్ కొట్టిన దెబ్బ ఊరందరికీ కనపడింది. హంటర్ కొట్టిన దెబ్బ ఫైల్లో పడింది. ఆ దెబ్బ తిన్నవాడొక్కడే దాన్ని ఏళ్ళ తరబడి మోయాలి.

గాడిచర్ల మోశాడు. 1908లో బెజవాడ నుంచి 'స్వరాజ్య' పత్రిక నడిపి, అందులో అచ్చయిన రాతకి మూడేళ్ళు జైలుకి పోయాడు. బయటికొచ్చాక పత్రికలు, గ్రంథాలయోద్యమం, వయోజన విద్య. బడిలో పాఠం చెప్పనివ్వకపోతే, బడికి పోని జనానికి చదువు చెప్పాడు. ఇది చదివి 'చూశారా, శిక్ష మంచే చేసింది' అనకండి. ఆయనతో పాటు సస్పెండయిన మిగతావాళ్ళలో ఎంతమంది పేర్లు మనకి తెలుసు?

తెల్లదొరలు పోతే ఈ అలవాటు పోయేదే అనుకోవడానికీ లేదు. 1938లో హైదరాబాదులో, నిజాం ఏలుబడిలో, ఉస్మానియా హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు వందల మందిని వెళ్ళగొట్టారు. చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. ఒక విశ్వవిద్యాలయం మూసిన తలుపు ఇంకోటి తెరిస్తే తప్ప ఆ చదువులు గట్టెక్కేవి కావు.

మా ఊరి మాటకొస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి వైస్‌ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి 1930లో సర్కారు దమనకాండకి నిరసనగా పదవి వదిలేశాడు. కుర్చీలో కూర్చున్నవాళ్ళందరూ హంటర్లు కారు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ క్లాసులు వదిలి రోడ్డెక్కిన విద్యార్థులు, హాజరు పట్టీ లెక్కన, క్రమశిక్షణ తప్పినవాళ్ళే. నవంబరు 1న ఇక్కడే కాల్పులు జరిగాయి. 1971లో శంకుస్థాపన జరిగింది. ఇవాళ ఆ ప్లాంటు జీతాల మీద చదువుకున్న పిల్లలు మా క్లాసులో కూర్చుంటారు.

అలాగని శిక్షలే వద్దంటే రాత్రంతా నిలబడ్డ ఆ ఫస్టియర్ పిల్లాడికి ఏం చెప్పాలి? 1997లో ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ఊరికే రాలేదు. ఏడిపిస్తే ఆరు నెలల దాకా జైలు, ప్రాణం పోతే యావజ్జీవం దాకా. 2009లో యూజీసీ నిబంధనలొచ్చాయి. వాటిలో ఒక చోట నేను ఆగిపోయాను. చేసినవాళ్ళెవరో తేలకపోతే సామూహిక శిక్ష వేయమంటుంది. మందని మందగా శిక్షించే ఆ పద్ధతి చదవగానే 1907 గుర్తొచ్చింది.

మరి తేడా ఎక్కడ? నాకు తోచింది ఇది. రాజమండ్రి ఫైల్లో దెబ్బతిన్న తోటి విద్యార్థి ఎవడూ లేడు. నొచ్చుకున్నది అధికారం ఒక్కటే. మా ఫైల్లో జ్వరంతో పడుకున్న పిల్లాడున్నాడు. 'దుష్ప్రవర్తన' అన్న మాట రెండింటి మీదా ఒకేలా అతుకుతుంది. కాబట్టి ఆ మాటని నమ్మకూడదు. దెబ్బ ఎవరికి తగిలింది అని అడగాలి. తర్వాత, శిక్ష ఎన్నాళ్ళు అని అడగాలి. రెండు సెమిస్టర్లకి ముగింపు ఉంది. కాగితం మీద రాతకి లేదు. గాడిచర్లకి బ్యాడ్జీ పెట్టుకున్న రోజులు కొన్నే, శిక్ష మాత్రం బతుకంతా.

తర్వాతి మీటింగులో ఇదే చెప్పాను, తడబడుతూ. రస్టికేషన్ మీద సంతకం పెట్టాను. కాండక్ట్ సర్టిఫికెట్ మీద ఏమీ రాయొద్దన్నాను. "అప్పుడు భయమెలా ఉంటుంది సార్?" అన్నారొకరు. ఓటింగులో ఒక్క ఓటు తేడాతో రాయకూడదన్నదే నెగ్గింది.

ఆ పిల్లాడికి జ్వరం తగ్గింది. ఆ తండ్రి కొడుకుని తీసుకుని శ్రీకాకుళం బస్సెక్కాడు. వచ్చే ఏడు వాడు తిరిగొస్తాడు. ఆ పిల్లాడు అప్పుడు సెకండియర్లో ఉంటాడు, ఇద్దరూ ఒకే క్లాసులో కూర్చోవాలి. దానికి మేం ఏ నిబంధనా రాయలేదు.