ఆఫర్ లాభమా, నష్టమా? కొనే ముందు, ఖాతా తెరిచే ముందు వేసుకోవాల్సిన లెక్క

రంజాన్, దసరా, దీపావళి, కొత్త సంవత్సరం... పండుగ ఏదైనా పేపర్ మొదటి పేజీ నిండా ఆఫర్లే. '50 శాతం వరకు తగ్గింపు', 'వడ్డీ లేని వాయిదాలు', 'పొదుపు ఖాతాపై 7 శాతం వరకు వడ్డీ' అని పెద్ద పెద్ద అక్షరాలు. ఇవన్నీ అబద్ధాలని కాదు. కానీ 'వరకు', 'షరతులు వర్తిస్తాయి' అన్న మాటలు మాత్రం కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ఆఫర్ మంచిదో కాదో తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు. ఆఫర్ తీసుకుంటే మొత్తం మీద చేతి నుంచి ఎన్ని రూపాయలు పోతాయి, తీసుకోకపోతే ఎన్ని పోతాయి? ఈ రెండింటి మధ్య తేడాయే అసలు లాభం.

ఎమ్మార్పీ మీద తగ్గింపు

ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపి అంతకు మించి అమ్మకూడని ధర. ఆ ధరకే అమ్మాలని ఎక్కడా లేదు. టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు మామూలు రోజుల్లో కూడా ఎమ్మార్పీ కంటే బాగా తక్కువకే దొరుకుతాయి.

ఉదాహరణకు ఒక ఫ్రిజ్ ఎమ్మార్పీ 42,990 రూపాయలు, ఆఫర్ ధర 29,990 అనుకుందాం. ప్రకటనలో '13,000 ఆదా, 30 శాతం తగ్గింపు' అని వేస్తారు. అదే మోడల్ పక్క బజారు దుకాణంలో మామూలు రోజున 30,500కు ఇస్తుంటే అసలు ఆదా 510 రూపాయలే. దుకాణం వాళ్లు ఇంటికి తెచ్చి బిగించి, స్టెబిలైజర్ కూడా ఉచితంగా ఇస్తే ఆ 510 కూడా మిగలదు. అందుకే ముందు మోడల్ నంబర్ మొత్తం రాసుకోవాలి. చివరి అక్షరం మారినా అది వేరే మోడల్ కావచ్చు. ఆ నంబర్‌తో కనీసం రెండు దుకాణాల్లో, రెండు వెబ్‌సైట్లలో ధర అడిగి చూడాలి.

'జీఎస్టీ తగ్గింది, ధర తగ్గింది' అన్న ప్రకటనలనూ కాస్త పరీక్షగా చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీలు, 32 అంగుళాలకు మించిన టీవీలు, గిన్నెలు కడిగే డిష్‌వాషర్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, మొబైల్ ఫోన్ల మీద పన్ను అంతకు ముందు నుంచే 18 శాతం. వాటికి జీఎస్టీ పేరు చెప్పి తగ్గించామంటే అది దుకాణం సొంత తగ్గింపే.

'వడ్డీ లేని వాయిదా'లో వడ్డీ ఎక్కడుంది?

సూద్‌కు దూరంగా ఉండాలనుకునే ఇళ్లలో ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 'నో కాస్ట్ ఈఎంఐ' అంటే వడ్డీ అసలు లేదని కాదు. క్రెడిట్ కార్డు బ్యాంకు వడ్డీ వేస్తుంది. అంత మొత్తాన్ని కంపెనీయో దుకాణమో ధరలో తగ్గించి ఇస్తుంది. బిల్లు, కార్డు స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టి చూస్తే వడ్డీ విడిగా కనిపిస్తుంది.

30,000 రూపాయల ఫోన్‌ను ఆరు నెలలు, నెలకు 5,000 చొప్పున తీసుకున్నారనుకుందాం. బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతమైతే ధరను సుమారు 28,730కి తగ్గిస్తారు. మిగిలిన 1,270 వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 229 రూపాయలు, కొన్నవారే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే జీఎస్టీతో 235 అవుతుంది. అంటే 'ఖర్చు లేని' వాయిదాకు అయిన ఖర్చు 464 రూపాయలు. నగదు ఇచ్చేవారికి దుకాణం 1,500 తగ్గిస్తానంటే, ఆ 1,500 కూడా ఈ ఖర్చులో కలపాలి. అప్పుడు లెక్క దాదాపు 2,000కు చేరుతుంది. ఒక్క వాయిదా తప్పితే ఆలస్య రుసుము, కార్డు వడ్డీ వేరే.

ఇది కొత్త సంగతేమీ కాదు. సున్నా వడ్డీ అనేది లేదని, ప్రాసెసింగ్ ఫీజు రూపంలో వడ్డీని దాచి వసూలు చేస్తున్నారని 2013 సెప్టెంబర్‌లోనే ఆర్‌బీఐ బ్యాంకులకు రాసింది. దీని మీద ధార్మిక తీర్పు ఆలిములను అడిగి తెలుసుకోవాల్సిందే. అడిగేటప్పుడు 'వడ్డీ లేని స్కీమ్' అని చెప్పకుండా, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చూపించాలి.

బిల్లు, ఎక్స్ఛేంజ్, స్టార్ లేబుల్

బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తామనే దుకాణాలున్నాయి. బిల్లు లేకపోతే వారంటీ అడగడం కష్టం, ఫిర్యాదుకు ఆధారమూ ఉండదు. సెకండ్ హ్యాండ్ ఫోనైతే *#06# నొక్కి ఐఎంఈఐ నంబర్ చూడాలి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, కాస్త ఖాళీ వదిలి, ఆ నంబర్ వేసి 14422కు మెసేజ్ పంపితే ఫోన్ బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. డబ్బు చేతులు మారకముందే ఈ పని చేయాలి.

'పాత టీవీకి 5,000' అంటే, పాతది ఇవ్వకుండా కొంటే కొత్త టీవీ ధర ఎంతో ముందు అడగాలి. ఆ ధరలో 3,000 తగ్గిస్తుంటే పాత టీవీకి నిజంగా వచ్చేది 2,000 మాత్రమే.

ఏసీ, ఫ్రిజ్ కొనేటప్పుడు నక్షత్రాలతో పాటు లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో, ఆ లేబుల్ ఏ సంవత్సరానిదో చూడాలి. ప్రమాణాలు ఎప్పటికప్పుడు పెరుగుతాయి కాబట్టి పాత స్టాక్ మీది ఐదు నక్షత్రాలు, కొత్త లేబుల్ మీది ఐదు నక్షత్రాలు ఒకటి కావు. రెండు ఏసీల మధ్య ధరలో తేడా 6,000, కరెంటులో తేడా ఏడాదికి 250 యూనిట్లు అనుకుందాం. యూనిట్‌కు 8 రూపాయలైతే ఏడాదికి 2,000 మిగులుతుంది. మూడేళ్లలో ఆ 6,000 తిరిగి వస్తుంది. ఏసీ నెల రోజులే వేసే ఇంటికి మాత్రం ఈ లెక్క పనికిరాదు.

పొదుపు ఖాతా: వడ్డీ శాతం కంటే కోతలు ముఖ్యం

2011 అక్టోబర్ నుంచి పొదుపు ఖాతా వడ్డీని ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే నిర్ణయించుకుంటోంది. అందుకే ఒక చోట 2.5 శాతం ఉంటే, ఇంకో చోట '7 శాతం వరకు' అని కనిపిస్తుంది. ఆ 7 శాతం చాలా సార్లు లక్షల్లో నిల్వ ఉంటేనే, అదీ ఆ పరిమితికి పైనున్న సొమ్ము మీదే వస్తుంది.

ఖాతాలో సగటున 8,000 ఉండే ఇంటిని తీసుకుందాం. 2.5 శాతమైతే ఏడాదికి 200 రూపాయలు, 3 శాతమైతే 240. తేడా 40 రూపాయలు. రెండో బ్యాంకులో కనీస నిల్వ 10,000 అనీ, తక్కువైన సొమ్ము మీద నెలకు 6 శాతం కోత అనీ ఉందనుకోండి. తక్కువైన 2,000 మీద 120, జీఎస్టీతో 141 రూపాయల 60 పైసలు. ఏడాదికి దాదాపు 1,700. 40 రూపాయల కోసం వెళ్లి 1,700 పోగొట్టుకున్నట్టే. డెబిట్ కార్డు, మెసేజ్‌ల రుసుములు వేరే.

వడ్డీ వాడుకోని కుటుంబాలకు ఈ లెక్క ఇంకా తేలిక. వడ్డీ శాతం వాళ్లకు సున్నాతో సమానం కాబట్టి కోతలు ఎంతన్నదే చూడాలి. కరెంట్ ఖాతాలో వడ్డీ రాదు గానీ కనీస నిల్వ సాధారణంగా ఎక్కువ అడుగుతారు. ఏ బ్యాంకులోనైనా 'బేసిక్ సేవింగ్స్' ఖాతా అడగవచ్చు. దానికి కనీస నిల్వ అక్కర్లేదు, నెలకు కనీసం నాలుగు సార్లు డబ్బు ఉచితంగా తీసుకోవచ్చు. 2014లో మొదలైన జన్‌ధన్ ఖాతాలు ఈ రకానివే. వచ్చిన వడ్డీని విడిగా తీసి పేదలకు ఇచ్చేవారు పాస్‌బుక్‌లో మూడు నెలలకోసారి చూసుకుంటే ఆ మొత్తం కనిపిస్తుంది.

కనీస నిల్వ తగ్గితే బ్యాంకు ముందుగా తెలియజేసి కనీసం నెల గడువు ఇవ్వాలి. ఆ జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. 2015 ఏప్రిల్ నుంచి ఇది ఆర్‌బీఐ నియమం.

'హలాల్ లాభం' అన్నప్పుడు మరింత జాగ్రత్త

వడ్డీ వద్దనుకునేవారికి ఎదురయ్యే అతి ప్రమాదకరమైన ఆఫర్ బ్యాంకుల నుంచి రాదు. 2019 జూన్‌లో బెంగళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ అనే సంస్థ కుప్పకూలింది. హలాల్ పెట్టుబడి, నెల నెలా లాభం అని చెప్పి వేలాది ముస్లిం కుటుంబాల నుంచి డబ్బు తీసుకున్న సంస్థ అది. నిజమైన వ్యాపారంలో ఒక నెల లాభం వస్తే ఇంకో నెల నష్టం వస్తుంది. ప్రతి నెలా తప్పకుండా ఇంత అని ముందే చెప్పేవాళ్లను ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడగాలి.

దేశంలో ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లకూడదని ఆర్‌బీఐ 2017లో నిర్ణయించింది. కాబట్టి ఎవరైనా ఆ పేరుతో డిపాజిట్లు అడిగితే ముందు ఆర్‌బీఐ 'సచేత్' పోర్టల్‌లో ఆ సంస్థ పేరు వెతకాలి. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు బీమా ఉంటుంది. ఇలాంటి సంస్థల్లో పెట్టిన డబ్బుకు ఆ బీమా ఉండదు.

మోసం జరిగితే

'ఇంకా 10 నిమిషాలే' అంటూ లేని తొందర పెట్టడం, అడగని వస్తువును కార్ట్‌లో చేర్చడం, చివర్లో రుసుములు కలపడం వంటి 13 పద్ధతులను కేంద్రం 2023 నవంబర్‌లో నిషేధించింది. వస్తువుల విషయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బ్యాంకు మీదైతే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వివరాలకు 14448. రెండు చోట్లా బిల్లు, ప్రకటన కాపీ, మెసేజ్‌లు అడుగుతారు. అందుకే కొన్న రోజే ఆ ప్రకటనను ఫోటో తీసి బిల్లుతో పాటు దాచుకోవడం మంచిది.