మజిలీ
అరబ్బీ ‘మంజిల్’ ఉర్దూ మీదుగా వచ్చి మన నోట ‘మజిలీ’ అయింది. మూలంలో దానర్థం దిగే చోటు: ప్రయాణికుడు వాహనం దిగి, మూట దించుకునే తావు. ఒక రోజు నడక దూరానికీ అదే పేరు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో కాశీయాత్రికుడు మణిసిద్ధుడు మజిలీకో కథ చెబుతాడు.

ఇప్పుడు పండగ సెలవులకు బెజవాడలో కారెక్కేవాళ్లకూ కావలసింది అలాంటి తావే. భవానీ ద్వీపం, సూర్యలంక కిటకిటలాడతాయి. కృష్ణా కరకట్ట వెంట అవనిగడ్డ దాటి హంసలదీవి వైపు వెళ్తే, మాఘ పౌర్ణమి స్నానాలప్పుడు తప్ప, జనం పలచబడతారు. గుడారం వేసేముందు ఊళ్లో అడగాలి. అక్కడి మడ అడవులు అభయారణ్యం. అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. ఏటి ఇసుకలో మాత్రం పడుకోవద్దు. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తితే రాత్రికి రాత్రే నీళ్లొస్తాయి.