ఆరో వంతు నుంచి ఇండెక్సు దాకా

"దుబాయిలో ఉండేవాడికి పన్నుల గోలేంట్రా?" అని ఊళ్ళో అడుగుతుంటారు. ఇక్కడ జీతం మీద పన్ను లేని మాట నిజమే. కానీ ఆ జీతంలో పెద్ద ముక్క వెళ్ళి చేరేది ఊళ్ళో ఇంటికే కదా. ముందు స్లాబు, నాలుగేళ్ళకి పై అంతస్తు, ఆ తర్వాత గ్రానైటు. కరీంనగర్ అయినా కడప అయినా గల్ఫ్ డబ్బుతో లేచిన ఇల్లు ఇలా విడతలు విడతలుగానే లేస్తుంది. అలా పెట్టిన డబ్బుకి ప్రభుత్వం ఏమన్నా రాయితీ ఇస్తుందా? ఈ ప్రశ్నకి మన చట్టాలు కాలానికో రకంగా జవాబు చెప్పాయి. పాతవి తిరగేస్తే మంచి కథే ఉంది.

మన దేశంలో ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. తెచ్చినాయన జేమ్స్ విల్సన్ (ఎకానమిస్ట్ పత్రిక పెట్టింది ఈయనే). 1857 తిరుగుబాటు అణచడానికి అయిన ఖర్చు పూడ్చుకోవాలి మరి. జూలై 24న చట్టం వచ్చింది, ఆగస్టులో ఆయన కలకత్తాలో పోయాడు. పన్ను మాత్రం పోలేదు. 1865లో ఆగి, మళ్ళీ వచ్చి, 1886లో స్థిరపడింది.

మనకి కావలసింది 1922 చట్టంలో తొమ్మిదో సెక్షను. ఇంటి ఆదాయం అంటే చేతికొచ్చిన అద్దె కాదు, రావడానికి వీలున్న అద్దె. దానికి వార్షిక విలువ అని పేరు. మరమ్మతులు యజమానే చేయించుకుంటుంటే అందులో ఆరో వంతు తీసేసి మిగతా దాని మీద పన్ను వేస్తారు. ఆ ఏడు సున్నం వేయించావా, పెంకులు మార్చావా అని ఎవరూ అడగరు. నాకైతే ఇది తెలివైన పనే అనిపిస్తుంది. ఊరూరా తిరిగి కారుతున్న కప్పులు లెక్కపెట్టే గుమాస్తాలు ఎక్కడ దొరుకుతారు? మేస్త్రీ రసీదు ఇవ్వడు, ఇచ్చినా అధికారి నమ్మడు. అంచనా కట్టేస్తే ఇద్దరికీ తలనొప్పి ఉండదు.

1961 చట్టం కూడా ఆరో వంతునే ఉంచింది. తర్వాత అది అయిదో వంతయింది, నాలుగో వంతయింది. 2001 బడ్జెట్లో యశ్వంత్ సిన్హా 30 శాతం చేశారు. తమాషా ఏమిటంటే, ఈ మార్పుతో ఈ తగ్గింపు దగ్గర 'మరమ్మతు' అన్న మాటే ఎగిరిపోయింది. ఉత్త 30 శాతం, అంతే.

ఇదంతా అద్దెకిచ్చిన ఇంటి సంగతి. మనవాళ్ళ ఇళ్ళలో చాలావాటిలో ఉండేది అమ్మా నాన్నా. మనం కోసమే అట్టేపెట్టుకున్న ఇంటికి వార్షిక విలువ సున్నా. సున్నాలో 30 శాతం ఎంతో చెప్పక్కర్లేదు. అక్కడ దొరికేదల్లా అప్పు మీది వడ్డీకి మినహాయింపు. కొనడానికో కట్టడానికో తీసుకున్న అప్పయితే ఆ పరిమితి 1999లో 75 వేలు, 2000లో లక్ష, 2001లో లక్షన్నర, 2014లో రెండు లక్షలు అయింది. మరమ్మతు కోసం అప్పు చేస్తే? 30,000. అప్పుడూ అంతే, ఆ తర్వాతా అంతే. ఎవరో ప్రోగ్రాములో ఒక అంకె రాసి పెట్టి మర్చిపోయినట్టు ఉంటుంది :) 2020లో వచ్చిన కొత్త పన్ను విధానం ఎంచుకుంటే సొంతానికి ఉంచుకున్న ఇంటికి అదీ లేదు.

మరి ఇంటి మీద పెట్టిన రూపాయికి విలువ ఎక్కడుంది? అమ్మేటప్పుడు. పై అంతస్తు లాంటి శాశ్వతమైన పని ఖర్చుని ఇంటి ఖరీదుకి కలుపుకోనిస్తారు (రంగులు కలపనివ్వరు). 1992లో మన్మోహన్ సింగ్ దీనికి ఒక సూచీ జోడించారు: ధరలు పెరిగిన మేరకు నువ్వు పెట్టిన ఖర్చునీ పెంచి చూస్తారు. రసీదుకి నిజంగా విలువ వచ్చింది ఇక్కడే.

ఈ సూచీని 2024 జూలై 23న నిర్మలా సీతారామన్ బడ్జెట్ ఎత్తేసింది. పన్ను 20 నుంచి 12.5 శాతానికి తగ్గింది, కానీ ఖర్చు పెట్టిన నాటి రూపాయి ఆనాటి రూపాయే. రెండు వారాలు ఒకటే గగ్గోలు. ఆగస్టు 7న లోక్‌సభలో సవరణ వచ్చింది: జూలై 23కి ముందు కొన్న ఇళ్ళకీ స్థలాలకీ పాత లెక్క, కొత్త లెక్కల్లో ఏది తక్కువైతే అది కట్టొచ్చు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సవరణలో 'రెసిడెంట్' అన్న మాట చదివినవాళ్ళు తప్ప.

ఒక లెక్క చూద్దాం. 2001-02లో ఇల్లు 8 లక్షలకి కొన్నారు, 2011-12లో 10 లక్షలు పెట్టి పై అంతస్తు వేశారు, 2024 ఆగస్టులో 60 లక్షలకి అమ్మారు. సూచీ 2001-02కి 100, 2011-12కి 184, 2024-25కి 363. పాత లెక్కలో ఆ 8 లక్షలు 29.04 అవుతాయి, 10 లక్షలు 19.73 అవుతాయి. లాభం 11.23 లక్షలు, పన్ను సుమారు 2.25 లక్షలు. కొత్త లెక్కలో లాభం 42 లక్షలు, పన్ను 5.25 లక్షలు. అంటే ఇలాంటి ఇళ్ళే ఉన్న అన్నదమ్ముల్లో నిజామాబాద్‌లో ఉన్న అన్నకంటే షార్జాలో ఉన్న తమ్ముడు మూడు లక్షలు ఎక్కువ కట్టాలి. ఇండియా, యూఏఈ మధ్య 1992లో కుదిరిన పన్ను ఒప్పందం ఇక్కడ ఆదుకోదు. ఇండియాలో ఉన్న ఇంటి మీది లాభానికి పన్ను వేసే హక్కు అది ఇండియాకే ఇచ్చింది.

అన్నట్టు, ఇక్కడి ప్రభుత్వమూ ఇంటికి రాయితీ ఇస్తుంది. 2018 జనవరి 1న 5 శాతం వ్యాట్ వచ్చినప్పుడే, సొంత కాపురానికి కొత్త ఇల్లు కట్టుకున్న పౌరులకి ఆ పన్ను తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టారు. తలుపులూ, సెంట్రల్ ఏసీ లెక్కలోకి వస్తాయి; చెట్లూ, ఈతకొలనూ రావు. పౌరులకి మాత్రమే. ఇక్కడ మనం పరాయివాళ్ళం కాబట్టి అందులో అనుకోవడానికేమీ లేదు. పుట్టిన ఊళ్ళో లెక్కే కాస్త గుచ్చుకుంటుంది. పై అంతస్తు ఇటుకలు షార్జా జీతంతోనే కదా కొన్నది.

తమ్ముడు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. రెసిడెంటా కాదా అన్నది ఇల్లు కొన్న ఏడు చూసి తేల్చరు, పై అంతస్తు వేసిన ఏడు చూసీ కాదు. అమ్మిన ఆర్థిక సంవత్సరం చూస్తారు. ఆ ఏడు మొత్తం మీద 182 రోజులు ఇండియాలో ఉంటే అతనూ రెసిడెంటే. ఉద్యోగం మానేసి తిరిగొచ్చాక, ఆ లెక్క సరిపోయే ఏడాదిలో అమ్మితే అన్నకి దొరికిన లెక్క అతనికీ దొరుకుతుంది. నెల రోజుల సెలవులో వచ్చి సంతకం పెట్టి వెళ్ళిపోతే దొరకదు.